పదిహేను వాట్ల దీపం

కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పళ్ళెంలా పరచుకొన్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మోసుకొచ్చిన నీటిని తనలో నిలుపుకొని, ఉప్పుటేరు మీదుగా మెల్లమెల్లగా సముద్రానికి పంపడం దాని పని. ఆ సరస్సులో కొంచెం మెరకగా నిలిచిన లంకగ్రామాలలో మాది ఒకటి. పేరు కొల్లేటికోట. పెద్దింట్లమ్మ తీర్థానికి వచ్చిన వారందరికీ మా ఊరు తెలుసు. తీర్థం ముగిశాక వచ్చేవారు చేపల వ్యాపారులు, పక్షులను చూడవచ్చే యాత్రికులు, ఎప్పుడైనా ఒకసారి, ఉద్యోగం కోసం ఊరు విడిచిన నావంటి కొడుకులు.

మా నాన్నగారు పోయిన తరువాత అమ్మ ఆ ఇంట్లో ఒంటరిగానే ఉంటోంది. తాడేపల్లిగూడెంలో నా దగ్గరికి రమ్మని ఎన్నిసార్లు అడిగినా, "నీళ్ళు కనబడని చోట నాకు నిద్రపట్టదురా" అని నవ్వి ఊరుకొంటుంది. ఆమెకు మధుమేహం. చాలా ఏళ్ళుగా ఇన్సులిన్ తీసుకొంటోంది. మా పెరటి వసారాలో ఒక మూలగా నిలబడి ఉండే పాత ఫ్రిజ్‌లో కూరగాయలకన్నా, పెరుగుకన్నా ముఖ్యమైనవి రెండు చిన్న గాజు బుడ్లు. ఒకటి నీళ్ళలా తేటగా ఉంటుంది. భోజనానికి ముందు తీసుకొనేది, త్వరగా పనిచేసేది. రెండవది పాలలా మబ్బుగా ఉంటుంది. పడుకోబోయే ముందు తీసుకొనేది, రాత్రంతా నెమ్మదిగా పనిచేసేది. అమ్మ వాటికి తేటమందు, పాలమందు అని తానే పేర్లు పెట్టుకొంది. బుడ్డిమీది ఇంగ్లీషు అక్షరాలు ఆమె ఎన్నడూ చదవలేదు. ఫ్రిజ్ తలుపు తెరవడం, బుడ్డిని తీసి లోపలి దీపానికి ఎదురుగా పట్టుకొని చూడడం, అదే ఆమె చదువు.

2024 ఆగస్టు 31వ తేదీ, శనివారం నాడు నేను ఊరికి వెళ్ళాను. రెండు రోజులుండి రావాలన్నది ఆలోచన. ఆ రాత్రి, మరునాడు కురిసిన వాన ఎంతటిదో ఆంధ్రదేశమంతటికీ తెలుసు. బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తింది. ఆ నీరు చివరకు చేరవలసింది కొల్లేటికే. కొద్దిరోజులలో సరస్సు మట్టం పెరిగి, మా లంకలకు వచ్చే దారులు నీట మునిగాయి. ఇల్లు మెరకమీద ఉండబట్టి లోపలికి నీరు రాలేదు గాని, పెరటి గడపదాకా తడి తాకింది. రెండు రోజుల ప్రయాణం పన్నెండు రోజులయింది.

ఫ్రిజ్‌లోని దీపం అప్పటికి పదిరోజుల క్రితమే వెలగడం మానేసిందట. అమ్మ నాకు చెప్పలేదు. ఫ్రిజ్ చల్లగానే ఉంది కదా, దీపం పోతే పోయిందనుకొంది. వసారాలో బల్బు వెనకవైపు గోడకు ఉండడంవల్ల, ఫ్రిజ్ ముందు ఎవరు నిలబడినా వారి నీడే అరలమీద పడుతుంది. అందుకని ఆమె ఒక ఏర్పాటు చేసుకొంది: తేటమందు ఎడమవైపు, పాలమందు కుడివైపు. చీకటిలో చేతితో తడుముకొని తీసుకొంటూ వచ్చింది. ఈ ఏర్పాటు సంగతి ఎరుగని నేను, ఒక రాత్రి పెరుగుగిన్నెకు చోటు చేయబోయి ఆ రెండు బుడ్లనూ ఒక పక్కకు జరిపి, ఒకదాని స్థానంలో మరొకదానిని పెట్టాను.

అమ్మ మందు సూదిలోకి తీసుకొంది. తీసుకొన్న తరువాత ఎందుకో ఆగి, "అబ్బాయ్, ఇలా రా. ఇది తేటగా కనబడుతున్నదేమిటో చూడు" అన్నది. నేను టార్చిలైటు వేసి చూశాను. సూదిలో ఉన్నది నీరువంటి మందు. రాత్రి భోజనం అయిపోయి రెండు గంటలు దాటింది. పాలమందుకు కొలిచే పరిమాణంలో ఆ త్వరగా పనిచేసే మందు ఒంట్లోకి వెళ్ళి ఆమె నిద్రపోయి ఉంటే, రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయేది. చెమటలు పట్టి, స్పృహ తప్పి ఉంటే ఆ నీళ్ళలో ఏ పడవలో, ఏ ఆసుపత్రికి తీసుకువెళ్ళగలిగేవాడినో నాకు ఇప్పటికీ ఊహ అందదు. అమ్మ మాత్రం ఆ మందును పారబోసి, మరో సూదిలో పాలమందు తీసుకొని, దుప్పటి కప్పుకొని నిద్రపోయింది. నేను తెల్లవారేదాకా వసారాలోనే కూర్చున్నాను.

ఆమెకు ఇన్సులిన్ మొదలైన కొత్తలో మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. డాక్టరుగారు చెప్పిన ప్రకారం నాన్నగారు ఒక పెద్ద మట్టికుండలో చిన్న కుండ పెట్టి, రెంటి నడుమ ఇసుక నింపి, ఆ ఇసుకను రోజుకు రెండుమార్లు తడిపేవారు. తడి ఆవిరవుతూ లోపలి వేడిని వెంట తీసుకుపోతుంది. బయట ఎండ మండుతున్నా లోపలి కుండలో చేయి పెడితే చల్లగా ఉండేది. ఆ రోజులలో ఆ కుండకు మూతే తప్ప దీపం ఎక్కడిది? బుడ్డిని పెరట్లోకి తెచ్చి సూర్యునికి ఎదురుగా పట్టుకొని చూసేది అమ్మ. చూపుతో పోల్చుకొనే అలవాటు అక్కడ మొదలైంది.

చలువను దాచుకోవడం మా కొల్లేటివారికి కొత్త విద్య కాదు. చేపను పట్టడం ఒక ఎత్తు, దానిని చెడకుండా దూరదేశానికి పంపడం మరొక ఎత్తు. నాన్నగారు చేపల పెట్టెలలో మంచుగడ్డలు పగులగొట్టి పరచే పని చేశారు. మంచుదిమ్మలు కరగకుండా ఊక కప్పేవారు. ఇదే ఉపాయాన్ని అమెరికాలో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వర్తకుడు రంపపుపొట్టుతో చేశాడు. బోస్టన్ ప్రాంతపు చెరువులలో గడ్డకట్టిన మంచును కోసి, రంపపుపొట్టులో పొదిగి, 1833లో ఓడమీద కలకత్తాకు పంపాడు. చెన్నపట్నంలో ఆ మంచును నిలువచేయడానికి 1842లో కట్టిన ఐస్‌హౌస్ నేటికీ సముద్రతీరాన వివేకానందుని పేరిట నిలిచి ఉంది. ఇక ఇన్సులిన్‌ను తొలిసారిగా ఒక రోగికి ఇచ్చినది 1922 జనవరిలో, కెనడాలోని టొరంటోలో. ఆ రోగి లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ బాలుడు. అంటే మీకన్నా రెండు మూడేళ్ళు చిన్నవాడు. మంచుకూ, ఆ మందుకూ ఒకే అరలో పొత్తు కుదరడానికి మనిషి ఎంత దూరం నడిచాడో ఆ రాత్రి కూర్చుని తలచుకొన్నాను. అయితే ఆ అరలో దీపం లేకపోతే ఆ నడకంతా నా తల్లికి అక్కరకు రాదు.

తెల్లవారగానే, ఫ్రిజ్‌లు బాగుచేసే ఒక మెకానిక్‌కు ఫోను చేశాను. "దారి తెగిపోయిందండీ, నీళ్ళు తీశాక చూద్దాం. అయినా అంత పాతదానికి దీపమేమిటండీ, కొత్తది తీసుకోండి" అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు. అమ్మకు ఆ రాత్రి కూడా మందు కావాలన్నది అతనికి తెలియదు.

సరే, నేనే చూద్దామనుకొన్నాను. నేను చెప్పుకొనేది తెలుగు పాఠం. విద్యుత్తుతో నా పరిచయం పదో తరగతి భౌతికశాస్త్రం దగ్గరే ఆగిపోయింది. అయినా ఒకటి మాత్రం తోచింది. కంప్రెసర్ మోగుతోంది, పైఅరలో మంచు కడుతోంది; అంటే ఫ్రిజ్‌కు కరెంటు అందుతోంది. కనుక లోపం దీపంలోనో, దీపాన్ని ఆర్పి వెలిగించే స్విచ్‌లోనో, ఆ రెంటినీ కలిపే తీగలోనో ఉండాలి. గోడకున్న స్విచ్ ఆపాను. అరలోని గిన్నెలన్నీ తీసి కిందపెట్టాను. ఇన్సులిన్ బుడ్లను తడిగుడ్డ చుట్టి కూజా పక్కన ఉంచాను. దీపంమీది ప్లాస్టిక్ మూతను గరిటకాడకు గుడ్డ చుట్టి మెల్లగా ఊడదీశాను. బల్బును తిప్పి బయటికి తీశాను. హోల్డరు అంచున తుప్పువంటిది కనిపించింది. ఒక గుడ్డపీలిక వేలికి చుట్టుకొని దానిని తుడవబోయాను.

"ప్లగ్గు పీకావురా?" అని పెరటి గోడ అవతలినుంచి కేక వినిపించింది.

పక్కింటి బాబాయిగారు. చేపలచెరువులమీద మోటార్లు నడిపి, అవి కాలిపోతే తానే విప్పి చుట్టి బాగుచేసి, ఆ పనిలోనే జీవితం గడిపిన మనిషి. "స్విచ్ ఆపాను బాబాయ్" అన్నాను. ఆయన సమాధానం చెప్పకుండా గోడ దాటి వచ్చారు. జేబులోనుంచి టెస్టరు తీసి, నన్ను పక్కకు జరగమని, దాని మొనను హోల్డరులోకి పెట్టారు. టెస్టరులోని చిన్న దీపం ఎర్రగా వెలిగింది.

నాకు నోట మాట రాలేదు. స్విచ్ ఆపి ఉంది. నేల తడిగా ఉంది. నా కాళ్ళకు చెప్పులు లేవు. వేలికి చుట్టుకొన్న గుడ్డ కూడా తడిదే.

బాబాయిగారు అప్పుడు ప్లగ్గు పీకి, తీరికగా చెప్పారు. ఇంటికి వచ్చే రెండు తీగలలో ఒకటి ఫేజ్, రెండవది న్యూట్రల్. ప్రాణం తీయగల తీగ ఫేజ్. గోడ స్విచ్‌ను ఎప్పుడూ ఫేజ్‌లోనే బిగించాలి. అప్పుడే దానిని ఆపితే అవతలికి ఏమీ వెళ్ళదు. ఈ వసారా తరువాత కట్టింది. దీనికి తీగలు లాగినవారెవరో ఆ రెంటినీ తారుమారు చేశారు. స్విచ్ ఆపితే న్యూట్రల్ తెగుతుంది, ఫ్రిజ్ ఆగుతుంది, మనం నిశ్చింతగా చేయి పెడతాం. ఫేజ్ మాత్రం స్విచ్‌తో పనిలేకుండా నేరుగా హోల్డరుదాకా వచ్చి కాచుకొని ఉంటుంది. "యంత్రం ఆగినంత మాత్రాన కరెంటు పోయినట్టు కాదురా" అన్నారు ఆయన. అంతకన్నా ఏమీ అనలేదు. కోప్పడి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

మీలో ఎవరైనా ఇంట్లో ఇటువంటి పనికి పూనుకొంటే, స్విచ్‌ను నమ్మవద్దు. ప్లగ్గును పూర్తిగా పీకి, అది మీ కంటికి కనబడేచోట ఉంచుకోండి. కాలికి పొడి చెప్పులు వేసుకోండి. పాఠం మధ్యలో ఈ హెచ్చరిక కొంత ఎబ్బెట్టుగా ఉండవచ్చు. నాకు ఆ ఉదయం అడ్డువచ్చిన కేక ప్రతి ఇంటి గోడ అవతలినుంచీ రాదు.

బాబాయిగారి వెంట వారి మనుమరాలు కూడా వచ్చింది. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం ఎం.పి.సి. చదువుతోంది, దారులు మునగడంతో కాలేజీకి వెళ్ళలేక ఇంటిపట్టున ఉంది. తాతగారి మల్టీమీటరు ఆమె చేతిలో ఉంది. బల్బును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే లోపలి తీగ తెగినట్టు లేదు. మీటరు రెండు మొనలనూ బల్బు అడుగున, పక్కన ఆనించి చూసింది. మూడువందల ఓమ్‌లకు కొంచెం తక్కువగా చూపింది.

బల్బుమీద 15 వాట్లని ముద్ర ఉంది. నాకు పాత సూత్రం ఒకటి జ్ఞాపకం వచ్చి, కాగితంమీద లెక్క వేశాను. 230ని 230తో గుణించి 15తో భాగిస్తే నిరోధం సుమారు 3,500 ఓమ్‌లు రావాలి. మీటరు చూపినది అందులో పదోవంతు కూడా లేదు. "అయితే బల్బు పాడైనట్టే గదమ్మా" అన్నాను, లోపం దొరికిందన్న సంతోషంతో. ఆ పిల్ల నవ్వింది. "కాదు పెదనాన్నా! మీ లెక్క వెలుగుతున్న బల్బుది. మీటరు చూస్తున్నది చల్లారిన బల్బును. టంగ్‌స్టన్ తీగ వేడెక్కినకొద్దీ నిరోధం పెరుగుతుంది కదా, అందుకని చల్లగా ఉన్నప్పుడు ఇంతే ఉంటుంది" అన్నది. బాబాయిగారు ఆమెవైపు చూసిన చూపులో ఎంత గర్వమో! జీవితమంతా మోటార్లు చుట్టిన ఆ మనిషికి ఆ కారణం తెలియకపోదు; మనుమరాలి నోట వినడం వేరు.

బల్బు మంచిదే. ఇక మిగిలింది స్విచ్. ఫ్రిజ్ తలుపు ఆనే చోట, గోడ అంచున బొత్తాంలా ఒకటి ఉంటుంది. మీరు చూసే ఉంటారు. తలుపు మూస్తే అది లోపలికి నొక్కుకొని, వలయం తెగి దీపం ఆరుతుంది. తలుపు తెరిస్తే లోపలి స్ప్రింగు దానిని బయటికి తోసి, వలయం కలిసి దీపం వెలుగుతుంది. మామూలు స్విచ్‌లకు ఇది తలకిందులు. మా ఫ్రిజ్‌లో ఆ బొత్తాం బయటికి రాలేదు. ఏళ్ళ తరబడి చేరిన పాలజిడ్డు, దానిమీద కొల్లేటి గాలిలోని చెమ్మ కలిసి బంకలా పట్టుకొని, బొత్తాన్ని లోపలే బిగించివేశాయి. మేము తలుపు ఎంత బార్లా తెరిచినా, పాపం, ఆ స్విచ్‌కు తలుపు మూసే ఉంది.

స్విచ్‌ను మెల్లగా బయటికి లాగాము. దాని వెనక రెండు తీగలు. ఏ తీగ ఎక్కడిదో మనుమరాలు తన ఫోనులో ఫోటో తీసుకొన్న తరువాతనే బాబాయిగారు వాటిని విడదీశారు. మీటరు పెడితే, బొత్తాం నొక్కినా వదిలినా ఉలుకు పలుకు లేదు. కొత్త స్విచ్ కైకలూరులో దొరుకుతుంది. దానికి అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు. కాని కైకలూరు ఆ రోజున నాకు బోస్టన్ అంత దూరం. దానిని ఎలా శుభ్రం చేయడమా అని మేము తర్జనభర్జన పడుతుంటే, అమ్మ లోపలినుంచి వచ్చి, సూది వేసుకొనే ముందు చర్మం తుడుచుకొనే స్పిరిట్ సీసా, కొంచెం దూది మా ముందు పెట్టింది. "జిడ్డు వదలడానికి ఇంతకన్నా ఏముందిరా?" అన్నది.

స్పిరిట్‌లో ముంచిన దూదితో బొత్తాం చుట్టూ తుడిచి, రెండు చుక్కలు లోపలికి వదిలి, నొక్కుతూ వదులుతూ కూర్చున్నాను. మొదట మొరాయించింది. దూది పసుపురంగు తిరిగి, తరువాత నల్లబడింది. ఎన్నిసార్లు నొక్కానో లెక్కపెట్టలేదు. బొటనవేలు నొప్పి పుట్టింది. చివరకు ఒకసారి టిక్కుమని బయటికి వచ్చింది. మీటరు పెట్టి చూస్తే, వదిలినప్పుడు కూసింది. నొక్కినప్పుడు మౌనం వహించింది. అంతలోనే బిగించబోతే బాబాయిగారు వారించారు. స్పిరిట్ ఆవిరికి నిప్పురవ్వ చాలు. స్విచ్ కలిసినప్పుడల్లా లోపల చిన్న రవ్వ పుట్టవచ్చు. తలుపు తెరిచి ఉంచి, వాసన పూర్తిగా పోయేదాకా ఒక గంటకుపైగా ఆగాము. అమ్మ టీ పెట్టింది.

హోల్డరు తుప్పును గరుకుకాగితంతో గీకి, బల్బు బిగించి, స్విచ్ పెట్టి, అందరం దూరంగా జరిగిన తరువాత బాబాయిగారు ప్లగ్గు పెట్టారు. దీపం వెలిగింది. పసుపుపచ్చని వెలుతురు ఖాళీ అరలమీద, తడినేలమీద, అమ్మ ముఖంమీద పడింది.

పని అంతటితో అయిపోయిందనుకొన్నాను. అమ్మ అడిగింది: "తలుపు వేశాక ఆరుతోందా?" చిన్నప్పుడు ఈ ప్రశ్న వేసి మనమందరం పెద్దలచేత నవ్వించుకొన్నవాళ్ళమే. అమ్మ అడిగినది మాత్రం నవ్వులాట ప్రశ్న కాదు. ఆ బల్బు విద్యుత్తులో చాలాభాగాన్ని వేడిగా మారుస్తుంది. బొత్తాం సరిగా నొక్కుకోక దీపం లోపల వెలుగుతూనే ఉంటే, దానికి దగ్గరగా ఉన్న అర వెచ్చబడుతుంది. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్‌ను రెండునుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి. చీకటివల్ల జరగవలసిన కీడు వెలుతురువల్ల జరిగితే ప్రయోజనమేమిటి? మనుమరాలు తన ఫోనులో వీడియో తీయడం మొదలుపెట్టి, దానిని పైఅరలో నిలబెట్టి తలుపు మూసింది. నిమిషం ఆగి తెరిచింది. నలుగురం వసారా అరుగుమీద కూర్చుని ఆ వీడియో చూశాం. వెలుతురులో తలుపు దగ్గరికి రావడం, సందు సన్నబడడం, ఆపైన ఒక్కసారిగా చీకటి. ఆ చీకటిలో కంప్రెసర్ రొద. తలుపు తెరిచేదాకా మళ్ళీ వెలుతురు లేదు. అమ్మ ఆ నల్లని తెరను చివరిదాకా చూసి, తృప్తిగా తల ఊపింది.

నీళ్ళు తీసిన తరువాత ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, వసారా తీగలు సరిచేయించాను. కైకలూరునుంచి కొత్త స్విచ్ తెచ్చి వేశాను. పాతదానిని అమ్మ పారేయనివ్వలేదు. మేకుల డబ్బాలో దాచింది.

ఆ రాత్రి మాత్రం ఆ పాత స్విచ్‌తోనే గడిచింది. తొమ్మిదిన్నరకు అమ్మ ఫ్రిజ్ తలుపు తెరిచింది. ఒక బుడ్డి తీసి దీపానికి ఎదురుగా పట్టుకొంది. చూసి, మళ్ళీ పెట్టేసింది. రెండవది తీసింది. దానిని రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి, మళ్ళీ దీపానికి ఎదురుగా పట్టుకొంది. ఆమె వేళ్ళ సందున బుడ్డి పాలచుక్కలా మెరిసింది.

"పాలమందే" అన్నది, నావైపు తిరగకుండానే.

నేను లేచి వెళ్ళి, పెరుగుగిన్నెను కింది అరలోకి మార్చాను.